ట్రాఫిక్‌లో ఆగితే వేడెక్కుతోంది, రేడియేటర్ ఫ్యాన్ తిరగట్లేదు: మోటారేనా, వైరింగా?

కృష్ణాతీరం:
పెట్రోల్ హ్యాచ్‌బ్యాక్, 2014 మోడల్. హైవే మీద సూది మధ్యలోనే ఉంటుంది. సిగ్నల్ దగ్గర కాసేపు ఆగితే పైకి పాకుతోంది, ఏసీ చల్లదనం కూడా పడిపోతోంది. ఫ్యాన్ అసలు తిరగట్లేదు. ఫ్యూజు బాగానే ఉంది. మెకానిక్ మోటారు మార్చేద్దాం అంటున్నాడు. డబ్బు పెట్టేముందు ఇంట్లోనే తేల్చుకోవచ్చా? మల్టీమీటర్ ఉంది.

బానెట్ కింద:
ఆగితేనే వేడెక్కుతోందంటే అనుమానం ఫ్యాన్ మీదే. హైవేలోనూ పెరిగి ఉంటే థర్మోస్టాటో, రేడియేటర్ పూడుకుపోవడమో అనుకోవాలి.

ముందు కూలెంట్ చూడండి. పక్క డబ్బాలో కాదు, ఇంజన్ పూర్తిగా చల్లారాక రేడియేటర్ మూత తీసి చూడాలి. డబ్బా నిండుగా ఉండి లోపల ఖాళీగా ఉండే బండ్లు బోలెడు. సెన్సార్ చుట్టూ కూలెంట్ బదులు గాలి ఉంటే దానికి అసలు వేడి తెలియదు, ఫ్యాన్‌కి ఆర్డరే వెళ్లదు.

తర్వాత మోటారు. కొన్ని బండ్లలో ఇగ్నిషన్ ఆఫ్ చేసినా ఫ్యాన్ ఉన్నట్టుండి తిరుగుతుంది, కాబట్టి బ్యాటరీ మైనస్ తీసేశాకే రెక్కలు చేత్తో తిప్పి చూడండి. పట్టేస్తుంటే బేరింగ్ పోయినట్టే. ఫ్రీగా తిరిగితే ఫ్యాన్ కనెక్టర్ ఊడదీసి, 2.5 ఎంఎం వైరుతో, మధ్యలో 30 ఆంప్స్ ఫ్యూజు పెట్టి, బ్యాటరీ నుంచి నేరుగా ఇవ్వండి. ప్లస్ మైనస్ తారుమారైతే రెక్కలు వెనక్కి తిరుగుతాయి, జాగ్రత్త. మోటారు డొక్క మీద చిన్నగా తడితేనే తిరిగితే బ్రష్‌లు అరిగాయి. తట్టకుండానే జోరుగా తిరిగితే మోటారుకి ఏ రోగమూ లేదు.

మోటారుకి మూడు నాలుగు వైర్లుండి, పక్కనే కంట్రోల్ మాడ్యూల్ ఉన్న రకమైతే ఇలా నేరుగా ఇవ్వకండి.

రిలే_రాజ్యం:
మోటారు పాసైతే రిలేకి (ఆర్డర్ రాగానే ఫ్యాన్‌కి కరెంటు కలిపే చిన్న డబ్బా) రండి. పక్కన అదే నంబరున్న హారన్ రిలే ఉంటే మార్చి చూడటం అన్నిటికన్నా తేలిక. లేకపోతే రిలే ఊడదీసి 85, 86 నంబర్లున్న కాళ్ల మధ్య ఓమ్‌లు చూడండి: 50 నుంచి 120 దాకా ఉంటే కాయిల్ బాగున్నట్టు. కాయిల్ బాగున్నా లోపల కాంటాక్టులు కాలిపోయి ఉండొచ్చు, "టిక్" శబ్దం విని రిలే మంచిదే అనుకోవద్దు.

సాకెట్లో 30 నంబరు (బ్యాటరీ కరెంటు వచ్చేది) దగ్గర బ్యాటరీ వోల్టేజీ ఉందా చూసి, 30కీ 87కీ (ఫ్యాన్‌కి వెళ్లేది) మధ్య ఫ్యూజున్న వైరు పెట్టండి. ఫ్యాన్ తిరిగితే పవర్ లైన్ మొత్తం ఓకే. లోపం రిలేలో ఉంది, లేదా ఆర్డర్ రావట్లేదు. ఆర్డర్ సంగతి తేలాలంటే ఇంజన్ నడుస్తుండగా టెంపరేచర్ సెన్సార్ ప్లగ్ తీయండి. చాలా బండ్లలో ఈసీయూ (ఇంజన్ కంప్యూటర్) భయపడి ఫ్యాన్‌ని ఫుల్లుగా తిప్పేస్తుంది. తిరిగితే సెన్సార్‌ని అనుమానించండి. చెక్ ఇంజన్ లైటు వెలుగుతుంది, కంగారు పడొద్దు.

కృష్ణాతీరం:
థాంక్స్ అన్నా. కూలెంట్ నిండుగా ఉంది. బ్యాటరీ నుంచి నేరుగా ఇస్తే ఫ్యాన్ జోరుగా తిరిగింది. కానీ 30, 87 కలిపితే తిరగలేదు. ఫ్యాన్ కనెక్టర్ ఊడదీసి చూస్తే రెండు పిన్నుల మధ్య 12.3 వోల్టులు వస్తోంది! మరి ఎందుకు తిరగదు?

బానెట్ కింద:
మీటర్ దాదాపు కరెంటు లాగదు. చిలుము పట్టిన జాయింట్లోంచి కూడా దానికి 12 కనిపిస్తుంది. మోటారు లాగేసరికి ఆ జాయింట్ దగ్గరే వోల్టేజీ అంతా ఆగిపోతుంది. ఆ రెండు పిన్నులకీ 21 వాట్ల ఇండికేటర్ బల్బు తగిలించి చూడండి, గుడ్డిగా వెలుగుతుంది.

ఎటువైపో తేలాలంటే కనెక్టర్ తిరిగి పెట్టి, 30–87 కలిపి ఉంచి, మీటర్ ఒక ముల్లు బ్యాటరీ మైనస్‌కి, రెండోది కనెక్టర్ వెనక నుంచి ఎర్త్ వైరుకి ఆనించండి. అర వోల్టు లోపుండాలి. ప్లస్ వైపు కూడా అలాగే, బ్యాటరీ ప్లస్‌కీ ఫ్యాన్ ప్లస్ వైరుకీ మధ్య చూడండి.

కృష్ణాతీరం:
ప్లస్ వైపు 0.2. ఎర్త్ వైపు 10.8!

రిలే_రాజ్యం:
దొరికింది. ఎర్త్ వైరు పట్టుకుని వెళ్లండి, ఎక్కువగా హెడ్‌లైట్ వెనక బాడీకి బిగించి ఉంటుంది. బ్యాటరీ మైనస్ తీసి, బోల్టు విప్పి, రింగూ, దాని కింద రేకూ మెరిసేదాకా ఎమెరీ పేపర్‌తో రుద్దండి. వైరు రింగులోకి దిగే చోట పచ్చగా పొడిలా రాలుతుంటే కత్తిరించి కొత్త రింగ్ వేయండి. గట్టిగా బిగించాక పైన వ్యాజిలిన్ రాయండి. మళ్లీ కొలవండి, 0.2 దగ్గరికి రావాలి.

ఈలోగా ఎవరైనా "డ్యాష్‌బోర్డులో స్విచ్ పెట్టి డైరెక్ట్ చేసేస్తా" అంటే ఒప్పుకోకండి. సన్నటి స్విచ్‌లోంచి 10, 15 ఆంప్స్ లాగితే అది కరిగిపోతుంది, స్విచ్ వేయడం మర్చిపోయిన రోజు హెడ్ గ్యాస్కెట్ పోతుంది.

కృష్ణాతీరం:
వైరు రింగు దగ్గర పచ్చబడి ఉంది, కొత్త రింగ్ వేశాను. ఇప్పుడు 0.15. ఏసీ వేయగానే ఫ్యాన్ అందుకుంటోంది.