‘నిగ్రహించి’కి ఇక్కడ అర్థమేమిటి?

ప్రశ్న: “బలవంతుడ నాకేమని పలువురతో నిగ్రహించి పలుకుట మేలా” అన్న సుమతీ పద్యంలో ఒక అనుమానం. నిగ్రహం అంటే ఓర్పు కదా, ఓర్పుగా మాట్లాడితే తప్పేమిటి? ఆందోళనల వార్తల్లో ‘పోలీసులు నిగ్రహం పాటించారు’ అని మెచ్చుకుంటూనే రాస్తారు.

జవాబు: ఇక్కడ నిగ్రహించడం అంటే ఎదిరించడం, అణచబోవడం. రాజును ‘నిగ్రహానుగ్రహ సమర్థుడు’ అన్నా అంతే: దండించనూ గలడు, దయ చూపనూ గలడు. ఇంద్రియ నిగ్రహంలో మనల్ని మనమే అణచుకుంటాం, మీరన్న ఓర్పు ఆ వైపుది. అణిగేది ఎదుటివాడా, తానా అన్నదే తేడా.

పోలీసుల ఊసెత్తారు కాబట్టి ఒక మాట. బందోబస్తు నడిపే అధికారి తేల్చుకోవాల్సిందీ ఇదే. గుంపుల మనస్తత్వం మీద స్టీఫెన్ రైషర్, క్లిఫర్డ్ స్టాట్ చేసిన పరిశోధన ఈ పద్యానికి వ్యాఖ్యానంలా ఉంటుంది. రాళ్లు వేసిన నలుగురినీ, నినాదాలిచ్చే వేలమందినీ ఒకే గాటన కట్టి లాఠీ ఝళిపిస్తే, అప్పటిదాకా ‘ఆగండ్రా’ అన్నవాళ్లు కూడా రాళ్లవాళ్ల పక్షాన చేరతారు. చలిచీమలు ఏకమయ్యేది అప్పుడే. 2001లో స్వీడన్‌లోని గోథెన్‌బర్గ్ నిరసనల్లో పోలీసు కాల్పులకు ముగ్గురు గాయపడ్డారు. ఆ తర్వాతే అక్కడ ‘డైలాగ్ పోలీసులు’ వచ్చారు. నిర్వాహకులతో ముందూ, మధ్యలోనూ, తర్వాతా మాట్లాడుతూ ఉండటమే వాళ్ల పని.

ఇంకో సభ్యురాలు: అయితే చేతులు కట్టుకుని నిలబడమంటారా?

జవాబు: లేదండీ. రాయి వేసినవాణ్ణి పట్టుకోవాల్సిందే, కాకపోతే వాణ్ణే. హెల్మెట్లు, షీల్డులు పక్క వీధిలో సిద్ధంగా ఉండొచ్చు. ఎవరు చెబితే బయటికి తీయాలన్నది మాత్రం ముందే తేలాలి. బ్రిటన్‌లో 1985 అల్లర్ల తర్వాత ఆజ్ఞలిచ్చే పోలీసు అధికారులకు గోల్డ్, సిల్వర్, బ్రాంజ్ అని మూడంచెలు పెట్టుకున్నారు. లక్ష్యం గోల్డ్‌ది, ఎత్తుగడ సిల్వర్‌ది, అమలు బ్రాంజ్‌ది. హోదా కన్నా చేసే పని ముఖ్యం. నన్నడిగితే అన్నిటికన్నా పెద్ద పొరపాటు ఇంకోటుంది: వెళ్లిపొమ్మని మైకులో అరుస్తారు, వెళ్లే దారి మూసేసి!

పద్యానికొస్తే, ‘నిగ్రహం’ పుట్టిన ధాతువు నుంచే వచ్చిన ‘విగ్రహం’ రాజనీతిలో యుద్ధం. సంధి విగ్రహాలు విన్నారుగా? ఈ ‘నిగ్రహించి’నీ ఆ వైపే, తగవు పెట్టుకుని అనే చదువుకోండి.