చర్చ: మఠసభ ఫాదర్ యూనివర్సిటీ ప్రెసిడెంటుగా 35 ఏళ్లు ఎలా ఉండగలిగారు?

పాతపుస్తకం: అమెరికా నోటర్ డేమ్‌లో ఫాదర్ థియోడర్ హెస్‌బర్గ్ 1952 నుంచి 1987 దాకా ప్రెసిడెంటు. మఠసభల్లో పదవికి గడువుంటుంది కదా?

గట్టుమీద_గోపి: ఉండేది, ఆరేళ్లు. ఆ గడువు యూనివర్సిటీ పెట్టింది కాదు, కానన్ చట్టం (కథోలిక చర్చి నియమావళి) పెట్టింది. అప్పట్లో ప్రెసిడెంటే అక్కడి హోలీ క్రాస్ సభ మఠానికి సుపీరియర్ (మఠపెద్ద) కూడా. సుపీరియర్ పదవి నుంచి దిగితే రెండూ వదలాలి. అంతకుముందు ఫాదర్ జాన్ కవనా 1946లో వచ్చి 1952లో దిగిపోయింది అందుకే. 1958లో రెండు పదవులనూ విడదీశారు. ఆ గడువు సుపీరియర్‌కే మిగిలింది.

సిలబస్: మరి ఎంపిక ఎవరిది? దరఖాస్తు పెట్టుకుంటారా?

రెండో_గంట: 1967కు ముందు దరఖాస్తు ప్రసక్తే లేదండి, ప్రొవిన్షియల్ (సభ ప్రాంతీయ విభాగమైన ప్రొవిన్స్‌కు పెద్ద) వేసినవారే. విధేయతా వ్రతం అంటే అదే. హెస్‌బర్గ్ యుద్ధంలో నేవీ చాప్లిన్‌గా (నావికులకు ఫాదర్‌గా) వెళ్లాలనుకుంటే పైవాళ్లు దైవశాస్త్రంలో డాక్టరేటుకు వాషింగ్టన్ పంపారు. 1943లో గురుపట్టాభిషేకం, 1945లో డాక్టరేటు, 1948లో శాఖాధిపతి, 1949లో ఎగ్జిక్యూటివ్ వైస్ ప్రెసిడెంట్, 35వ ఏట ప్రెసిడెంటు. అసలు శిక్షణ ఆ చివరి మూడేళ్లే. జీతమంటారా, పేదరిక వ్రతం తీసుకున్నవారిది కాబట్టి అది సభకే చేరుతుంది.

గట్టుమీద_గోపి: 1967లో యాజమాన్యమే మారింది. పైన 12 మంది ఫెలోలు, ఆరుగురు హోలీ క్రాస్ గురువులు (ఫాదర్లు), ఆరుగురు గృహస్థులు (మఠ వ్రతాలు లేని మామూలువారు). వారి కింద ట్రస్టీల బోర్డు. ప్రెసిడెంటును ఎన్నుకునేది బోర్డే. కానీ హోలీ క్రాస్ అమెరికా ప్రొవిన్స్ గురువుల్లోంచే ఎన్నుకోవాలి. చిక్కంతా ఇక్కడే. గురుపట్టం, పీహెచ్‌డీ, పరిపాలన అనుభవం మూడూ ఉన్నవాళ్లు ఒక ప్రొవిన్స్‌లో ఎంతమంది దొరుకుతారు? కాబట్టి సభ కుర్ర ఫాదర్లను ఏళ్ల ముందే పరిశోధనకు పంపుతూ ఉండాలి. ప్రెసిడెంటుగా చేసిన జెంకిన్స్ (2005–2024) ఆక్స్‌ఫర్డ్‌లో తత్వశాస్త్రం, ఇప్పటి ప్రెసిడెంటు డౌడ్ లాస్ ఏంజెలిస్‌లో రాజనీతిశాస్త్రం చేసి వచ్చినవారే. జెస్విట్‌ల (యేసు సభ) జార్జ్‌టౌన్ యూనివర్సిటీ 2001లో గృహస్థుణ్ణి పెట్టుకుంది. నన్నడిగితే అదే నిజాయితీ గల దారి.

పాతపుస్తకం: డబ్బు ఎవరు చూసేవారు?

లెక్కలపద్దు: ఫాదర్ ఎడ్మండ్ జాయిస్, ఆ 35 ఏళ్లూ ఆయనే. బడ్జెట్ 97 లక్షల డాలర్ల నుంచి 17.66 కోట్లకు, మూలనిధి 90 లక్షల నుంచి 35 కోట్లకు, విద్యార్థులు 4,979 నుంచి 9,600కు పెరిగారు. డాలరు విలువ పడిపోవడం వల్ల పెరిగినట్టు కనిపించేదాన్ని తీసేసి చూసినా, పెద్ద పెరుగుదలే. పైగా 1972లో డిగ్రీలో అమ్మాయిలకు ప్రవేశం. హెస్‌బర్గ్ తరచూ బయటే: పౌరహక్కుల కమిషన్‌లో 1957 నుంచి సభ్యుడు, 1969 నుంచి అధ్యక్షుడు, 1972లో నిక్సన్ తప్పించారు. ఇంట్లో జాయిస్ లేకపోతే ఇదంతా కుదిరేది కాదు.

రెండో_గంట: బిషప్‌లతో, అంటే చర్చి అధికారంతో తగువు మరో కోణం. 1967లో ల్యాండ్ ఓ లేక్స్ అనే చోట హెస్‌బర్గ్ తదితరులు, కథోలిక యూనివర్సిటీకి బయటి ఏ అధికారం నుంచైనా స్వయంప్రతిపత్తి ఉండాలని ప్రకటించారు, చర్చి అధికారంతో సహా. 1990లో రెండవ జాన్ పాల్ పాపుగారి శాసనం పగ్గాలు కొంత బిగించింది. దైవశాస్త్రం చెప్పే కథోలికులు చర్చి అధికారుల అనుమతి తీసుకోవాలనే కానన్ 812 నియమాన్ని మళ్లీ ముందుకు తెచ్చింది.

సిలబస్: మన ఆంధ్ర లొయోలా ప్రిన్సిపాల్ పదవీ ఇలాంటిదేనా?

గట్టుమీద_గోపి: కాదండి. నడిపేది యేసు సభ ఫాదర్లే అయినా అది కాలేజీ. అటానమస్ అయినా పట్టా ఇచ్చేది యూనివర్సిటీయే. నోటర్ డేమ్ ప్రెసిడెంటుది పట్టాలు తానే ఇచ్చే సంస్థ.