తాతగారి చిత్రిక: పొట్టు నోట్లో ఇరుక్కుపోతోంది

గోదారిగట్టు:
అటక మీద తాతగారి చిత్రిక (చెక్కను నునుపు చేసే పనిముట్టు) దొరికింది, రికార్డ్ కంపెనీ 4వ నంబరుది. బాగా తుప్పు పట్టింది, పగుళ్లు మాత్రం లేవు. రాత్రంతా వెనిగర్‌లో నానబెట్టి, వంటసోడా నీళ్లతో కడిగి, ఆరాక నూనె రాశాను. బ్లేడు సాన పెట్టాను. అయినా టేకు మీద తోస్తే రెండు అంగుళాలు రాగానే పొట్టు నోట్లో, అంటే అడుగున బ్లేడు బయటికి వచ్చే సందులో, ఇరుక్కుంటోంది. మా ఇంటి తలుపులన్నీ తాత దీంతోనే చేశారు, పక్కన పడేయడానికి మనసొప్పడం లేదు.

ఉలి_సుత్తి:
బ్లేడు వీపు చూశారా? అంచు దగ్గరైనా అద్దంలా చదునుగా ఉండాలి. తుప్పు గుంటలు అంచు దాకా ఉంటే ఎంత సాన పెట్టినా పదును రాదు.

వరంగల్_రందా:
అన్నా, నా అనుమానం క్యాప్ ఐరన్ మీద, అదే బ్లేడు మీద బిగించే ఇనప రేకు. బ్లేడుకు బిగించి వెలుతురుకు ఎత్తి చూడు. రెండింటి మధ్య సందు కనిపిస్తే పొట్టు అందులోకే దూరుతుంది. క్యాప్ ఐరన్ పెదవిని (బ్లేడుకు ఆనే ముందు అంచును) సానరాయి మీద పెట్టి, తోక వైపు రాయి కంటే కాస్త కిందికి దించి రుద్దు. అప్పుడు పెదవి కొస ఒక్కటే బ్లేడుకు అతుక్కుంటుంది. బిగించేటప్పుడు బ్లేడు అంచుకు ఒక మిల్లీమీటరు వెనక పెట్టు. చెక్క పెచ్చులు లేస్తుంటే ఇంకా దగ్గరికి జరుపు. నేను ఇది తెలియక నెలల తరబడి చిత్రిక అడుగు భాగాన్నే అరగదీశాను.

గోదారిగట్టు:
వెంట్రుకంత సందు ఉంది! అడుగు కూడా చదును చేయాలంటారా?

గ్యారేజీ_పని:
మొత్తం అక్కర్లేదండీ. ముందు కొస, నోటి ముందు భాగం, వెనక కొస ఒకే మట్టంలో ఉంటే చాలు. మందపాటి గాజు మీద 80 నంబరు ఎమరీ పేపర్ పరిచి రుద్దండి. ముందుగా మార్కర్‌తో అడుగున గీతలు గీస్తే ఎక్కడ అరుగుతోందో తెలుస్తుంది. బ్లేడు తీసేయకండి. పని చేసేటప్పటిలాగే బిగించి, అంచును మాత్రం లోపలికి లాగి ఉంచండి. ఆ బిగుతుకు ఇనుము కొంచెం వంగుతుంది. నేను బ్లేడు తీసి రుద్దాను, ఆదివారమంతా వృథా అయింది.

ఉలి_సుత్తి:
నోరు మరీ ఇరుకుగా ఉన్నా పొట్టు ఆగుతుంది. ఫ్రాగ్‌ను (బ్లేడు కింద ఉండే ఏటవాలు దిమ్మెను) కొద్దిగా వెనక్కి జరిపి చూడండి.

గోదారిగట్టు:
పెదవి సరిచేసి, అడుగుకు కొవ్వొత్తి రుద్దాను. మూడడుగుల పలక మీద ఈ కొస నుంచి ఆ కొస దాకా పొట్టు ఒకే చుట్టగా వచ్చింది! అమ్మను పిలిచి చూపించాను. పిడి మాత్రం ఎంత బిగించినా ఊగుతోంది.

వరంగల్_రందా:
చెక్క ఎండి కుంచించుకుపోయి ఉంటుంది, అందుకే పిడి లోపలి రాడ్ ముందే అడుగుకు తగిలి ఆగిపోతోంది. పైన నట్టు కింద చిన్న వాషర్ వెయ్యి అన్నా.