హడ్సన్ ల్యాండింగ్ సిమ్యులేటర్‌లో కుదరడం లేదు, ఎంత స్పీడ్ ఉండాలి?

అమెరికా వైమానిక దళంలో ఎఫ్-4 ఫాంటమ్ నడిపి, 1980లో ఎయిర్‌లైన్స్‌కి వచ్చిన సల్లెన్‌బర్గర్, 2009 జనవరి 15న రెండు ఇంజిన్లూ పనిచేయని విమానాన్ని న్యూయార్క్ దగ్గర హడ్సన్ నదిలో దించిన తీరును మా విద్యార్థులకు చూపించాలి. అందులో ఉన్న 155 మందీ బతికారు. మునుగుతున్న విమానంలో ఆయన రెండుసార్లు క్యాబినంతా వెతికి, ఆఖరున బయటికొచ్చారు. పిల్లలకు నేను చెప్పాలనుకున్నది అదే, కానీ ముందు ల్యాండింగ్ కుదరాలి కదా.

ఇంటి సిమ్యులేటర్‌లో ఆయన నడిపిన రకం విమానమే, ఎయిర్‌బస్ ఏ320, బరువు 68 టన్నులు, గాలి సున్నా. 2,800 అడుగుల దగ్గర రెండు ఇంజిన్లూ ఆపేస్తున్నాను. ఆయనలాగే ముందు ఏపీయూ (తోకలో ఉండే, కరెంటు ఇచ్చే చిన్న ఇంజిన్) ఆన్, తర్వాత ఫ్లాప్స్ (తక్కువ స్పీడ్‌లోనూ విమానాన్ని నిలిపే రెక్కల పలకలు) 2లో. ఆరుసార్లు ప్రయత్నించాను. 50 అడుగుల్లో ముక్కు ఎత్తితే స్పీడ్ పడిపోయి తోక గట్టిగా కొడుతోంది. 30 దాకా ఆగితే ముక్కే నీళ్లలోకి పోతోంది.

200 అడుగుల దగ్గర ఎన్ని నాట్ల స్పీడ్ ఉండేలా చూసుకోవాలి?