పాత మోటెల్, పాత ఫోన్లు: టెక్సస్ 911 చట్టంలోని మినహాయింపు మాకు వర్తిస్తుందా?

కొత్త యజమాని, తూర్పు టెక్సస్

అందరికీ నమస్కారం. మా బావగారూ నేనూ కలిసి 40 గదుల పాత మోటెల్ ఒకటి కొన్నాం. పైకప్పు, ఏసీలు, పరుపులు అన్నీ చూసుకున్నాం గానీ ఫోన్ల సంగతి ఎవరికీ తట్టలేదు. గదిలోంచి బయటికి ఫోను చేయాలంటే ముందు 9 నొక్కాలి. అత్యవసర నంబరు 911కి కూడా అంతే. ప్రతి ఫోను మీదా ‘9-911’ అని వెలిసిపోయిన స్టిక్కరు ఒకటి ఉంది, సగం గదుల్లో అదీ ఊడిపోయింది. అమ్మినాయనను అడిగితే “రాష్ట్ర చట్టంలో మినహాయింపు ఉంది, అఫిడవిట్ ఇచ్చేశాం, కంగారుపడకండి” అన్నారు. ఆ కాగితం నకలు మాత్రం చూపలేదు. కొత్త సిస్టమ్ పెట్టాలంటే ఖర్చు తడిసి మోపెడయ్యేలా ఉంది. ఆ మినహాయింపు మాకూ చెల్లుతుందా? తర్వాత కేంద్ర చట్టం కూడా వచ్చిందంటున్నారు, అది పాత ఫోన్లకూ వర్తిస్తుందా?

తీగల మాస్టారు, డాలస్

హోటళ్లకు, ఆఫీసులకు ఫోను సిస్టములు బిగించడం నా వృత్తి. వకీలును కాను, ఆ మాట ముందే చెబుతున్నాను.

ఈ చట్టం పుట్టింది మీ తూర్పు టెక్సస్‌లోనే. 2013 డిసెంబరులో మార్షల్‌లోని ఒక మోటెల్ గదిలో కారీ హంట్ అనే ఆవిడను విడిగా ఉంటున్న భర్త హత్య చేశాడు. తొమ్మిదేళ్ల కూతురు గది ఫోనులో నాలుగుసార్లు 911 నొక్కింది. ఒక్కసారీ కలవలేదు. బడిలో, ఇంట్లో ఆ పిల్లకు నేర్పింది 911 మాత్రమే, ముందు 9 ఉంటుందని ఎవరూ చెప్పలేదు. ఆ పిల్ల తాత, అంటే కారీ తండ్రి, పట్టువదలకుండా పోరాడితే 2015లో టెక్సస్ శాసనసభ ‘కారీ చట్టం’ చేసింది. అదే పేరుతో కేంద్ర చట్టం మీద 2018 ఫిబ్రవరి 16న సంతకం పడింది. అలబామాలోని హేలీవిల్‌లో మొట్టమొదటి 911 కాల్ వెళ్లి ఆ రోజుకు సరిగ్గా 50 ఏళ్లు.

ఇక మీ ప్రశ్న. కేంద్ర నిబంధనలు 2020 ఫిబ్రవరి 16 తర్వాత తయారైన, అమ్మిన, బిగించిన సిస్టములకే. లాండ్రీ గదిలోనో మరోచోటో గోడకు వేలాడుతూ గది ఫోన్లన్నిటినీ కలిపే మీ పాత పెట్టె వాటి కిందికి రాదు. కానీ టెక్సస్ చట్టం పాతా కొత్తా అని చూడదు. 2016 సెప్టెంబరు నుంచి ముందు ఏ అంకే లేకుండా 911 కలవాల్సిందే. మార్చడం మోయలేని భారమైతే మినహాయింపు ఉంది, నిజమే. దానికి సిస్టమ్ తయారీదారు పేరు, మోడల్ రాసి ఏటా అఫిడవిట్ ఇవ్వాలి. ఫోను దగ్గర పెద్ద ముద్దక్షరాలతో, ఇంగ్లీషులోనూ స్పానిష్‌లోనూ సూచన అంటించాలి. మీ వెలిసిన స్టిక్కర్లు ఆ లెక్కకు రావు. పాత యజమాని కాగితం మీద ఆశ పెట్టుకోకుండా మీ ప్రాంతపు 911 పరిపాలన సంస్థకు ఫోను చేసి కనుక్కోండి.

నన్నడిగితే మినహాయింపు జోలికే పోవద్దు. ఇలాంటి పాత పెట్టెలు నేను చాలా విప్పాను. ఎక్కువ వాటిలో సిస్టమ్ మార్చనక్కర్లేదు, డయలింగ్ పట్టికలో ఒక వరుస చేర్చి 911ని నేరుగా బయటి లైనుకు పంపితే సరి. టెక్నీషియన్‌కు ఒక పూట పని. ఆ మాట విక్రేత చెప్పడు, ఎందుకంటే ఆయన అమ్మేది కొత్త పెట్టె.

రాత్రి డ్యూటీ

చదువుకునే రోజుల్లో హోటల్ ఫ్రంట్ డెస్క్‌లో పనిచేశాను. ఈ రోజుల్లో గది ఫోను ఎవరు ముట్టుకుంటున్నారండీ? అందరి చేతుల్లోనూ సెల్‌ఫోన్లే. పైగా 911 నేరుగా కలిసేలా పెడితే పొరపాటు కాల్స్ పెరుగుతాయి. 9, ఆ తర్వాత 1 నొక్కి ఏరియా కోడ్ కొట్టబోయి 1 రెండుసార్లు పడిందంటే పోలీసులు గుమ్మంలో ఉంటారు. మా హోటల్లో అది మామూలే.

అత్తయ్యగారు, ఆస్టిన్

గది ఫోను ముట్టుకునేది మాలాంటి వాళ్లం బాబూ. నేను కాకినాడ నుంచి వచ్చినప్పుడు నా ఫోనులో ఇక్కడి సిమ్ లేదు. దారిలో ఒక మోటెల్లో రాత్రి మావారికి గుండెలో నొప్పిగా ఉందంటే చేయి దానంతటదే 108 నొక్కింది. 2005 నుంచి మనవాళ్లకు అంబులెన్సు అంటే అదే కదా. తీరా 108వ నంబరు గదిలో ఫోను మోగింది! నిద్రలో లేచిన ఆ పెద్దమనిషి విసుక్కోకుండా తన సెల్‌తో 911కి ఫోను చేసి, చొక్కా తొడుక్కుంటూనే మా గదికి వచ్చాడు. మావారిది గ్యాస్ నొప్పే, ఏమీ కాలేదు. పెద్దవాళ్లు దిగినప్పుడు డెస్క్ దగ్గర 911 అని ఒక్క మాట చెబితే పోయేదేముంది?

తీగల మాస్టారు, డాలస్

అత్తయ్యగారూ, మీరు చెప్పింది ఏ మాన్యువల్‌లోనూ ఉండదు. గది నంబరే ఎక్స్‌టెన్షన్ కాబట్టి అలా మోగింది.

రాత్రి డ్యూటీ గారూ, పొరపాటు కాల్స్ నిజమే. మందు కూడా ఉంది: బయటి లైనుకు 9 తీసేసి 8 పెట్టడం. అలవాటుకొద్దీ 9-911 నొక్కినవాళ్లకూ కలిసేలా ఉంచాలి. పొరపాటున నొక్కితే ఫోను పెట్టేయకుండా ‘పొరపాటు’ అని చెప్పమనండి. చప్పుడు లేకుండా పెట్టేసిన కాల్‌కు చాలాచోట్ల మనిషిని పంపుతారు.

మోటెల్ గారూ, పని అయ్యాక తప్పక పరీక్షించండి. ముందు షెరీఫ్ ఆఫీసు మామూలు నంబరుకు ఫోను చేసి ఎప్పుడు చేయమంటారో అడగండి. డెస్క్ నుంచి కాదు, చివరి వరుస గదుల నుంచి చేయండి. కాల్ ఎత్తిన ఆపరేటర్‌ను ‘మీ తెర మీద ఏ చిరునామా, ఏ నంబరు కనిపిస్తున్నాయి?’ అని అడగండి. పాత సిస్టములో మోటెల్ చిరునామా ఒక్కటే వెళ్తుంది, గది నంబరు వెళ్లదు. అందుకే ఏ గది నుంచి 911 వెళ్లిందో డెస్క్ దగ్గర కనిపించే ఏర్పాటు కావాలి. అంబులెన్సు వచ్చాక దారి చూపేది డెస్క్ మనిషే. అయితే కాల్‌ను డెస్క్‌కు మళ్లించకూడదు, అది నేరుగా వెళ్లాలి. తెర మీద పాత యజమాని పేరు కనిపిస్తే దాన్ని మీ ఫోను కంపెనీయే సరిచేయాలి, పెట్టె విప్పినా లాభం లేదు.

కొత్త యజమాని, తూర్పు టెక్సస్

పెట్టె మోడల్ ఫొటో తీశాను, మీకు విడిగా పంపుతున్నాను మాస్టారూ. ఈత కొలను పక్కన గోడకు ఒక ఫోను ఉంది, అది కూడా ఈ సిస్టమ్ మీదే ఉన్నట్టుంది.

తీగల మాస్టారు, డాలస్

అయితే పరీక్ష దానితోనే మొదలుపెట్టండి.