అప్‌డేట్: చలికాలంలో కెనడాలోని రెజీనా నగరంలో ఉన్న మా ఇంటికి తాళం వేసి వెళ్లడం గురించి

రిటైరయ్యాం కదా, చలికాలం నాలుగు నెలలు విజయవాడలో ఉంటే రెజీనా ఇంట్లో పైపులు పగులుతాయా అని ఆగస్టులో అడిగాను. మీరు చెప్పినట్టే మెయిన్ వాల్వ్ కట్టేసి, కుళాయిలన్నీ తిప్పి నీళ్లు ఖాళీ చేశాం. హీటింగ్ మాత్రం ఆపలేదు. పక్కింటాయన రోజూ చూసి వస్తున్నారు. నిన్న మైనస్ 32 అట, ఇల్లు క్షేమం.

బయల్దేరే ముందు, అక్టోబరు మొదట్లో లాస్ట్ మౌంటెన్ లేక్‌కి వెళ్లాం. 1887లో ఏర్పాటైన పక్షుల అభయారణ్యం, ఉత్తర అమెరికాలో అన్నిటికంటే పాతది. కోతలైన చేలల్లో శాండ్‌హిల్ కొంగలు వేలకొద్దీ దిగి ఉన్నాయి. మా ఆవిడ కారు అద్దం దించి, చేతిలో టీ చల్లారిపోయేదాకా వాటి అరుపులే వింటూ కూర్చుంది. ఆ సాయంత్రం కోసమైనా ఏటా అక్టోబరు దాకా రెజీనాలోనే ఉంటాం.

సలహాలిచ్చిన అందరికీ చాలా థాంక్సండి.