16 గంటలు తినకుండా ఉండటంలో ప్రత్యేక గుణం ఉందా, లేక తక్కువ తినడమే అసలు సంగతా?

తూనికరాయి:
రెండు నెలలుగా ఆఫీసులో ఎవరితో మాట్లాడినా ఇదే మాట. రోజులో 8 గంటల్లోపు తిండంతా ముగించి మిగతా 16 గంటలు నీళ్లు తప్ప ఏమీ ముట్టకపోతే ఒళ్లు తనను తాను శుభ్రం చేసుకుంటుందట, ఆ 8 గంటల్లో ఎంత తిన్నా లావెక్కరట, షుగర్ కూడా పోతుందట. బరువు తగ్గినవాళ్లు ఉన్నారు, కాదనను, కళ్లారా చూశాను. నా ప్రశ్న వేరే. ఆ తగ్గడం గడియారం వల్లా, తిండి తగ్గినందువల్లా? గడియారం వల్లే అయితే ఆ 8 గంటల్లో ఏం తిన్నా పర్వాలేదు. తిండి తగ్గినందువల్లే అయితే మూడు పూటలా కొంచెం కొంచెం తగ్గించి తినేవాళ్లకూ అదే ఫలితం రావాలి, పొద్దున్నే ఆకలితో కూర్చోవాల్సిన పని లేదు.

నేను చదివినంతలో రెండోదే నిజం. కాదనేవాళ్లు ఆధారంతో చెప్పండి, అభిప్రాయం మార్చుకోవడానికి నాకేం అభ్యంతరం లేదు.

వేకువ:
ఆధారాల సంగతి నాకు తెలియదండి, నా సంగతి చెప్తాను. ఏడు నెలల్లో 9 కిలోలు తగ్గాను. అంతకుముందు మూడుసార్లు కేలరీలు లెక్కపెట్టే యాప్ పెట్టుకుని మూడుసార్లూ వదిలేశాను. ప్రతి ముద్దకీ లెక్క రాసుకోవడం అంటే నాకు టెన్షన్. ఇప్పుడు ఒకటే నియమం, రాత్రి 7 దాటితే వంటగది వైపు వెళ్లను, మర్నాడు 11 దాకా తినను. అంతే. ఏమీ లెక్కపెట్టలేదు, తగ్గాను. దీన్ని మీరు కేలరీలు అంటే నేనెలా ఒప్పుకోను?

తూనికరాయి:
9 కిలోలంటే చాలా కష్టపడ్డారు, అభినందనలు. ఒక్కటి అడుగుతాను, ఏమీ అనుకోవద్దు. ఈ నియమం పెట్టుకోకముందు 7 నుంచి పడుకునేదాకా ఏం చేసేవారు?

వేకువ:
టీవీ ముందు ఏదో ఒకటి నములుతూ ఉండేదాన్ని. సరే, మీరు ఎటు వస్తున్నారో అర్థమైంది. కానీ ఆకలి కూడా తగ్గింది, అది నా ఊహ కాదు. మొదటి రెండు వారాలు నరకం, తర్వాత పొద్దున ఆకలే వేయడం లేదు.

కణం:
తూనికరాయి గారూ, మీరు బరువు దగ్గరే ఆగిపోతున్నారు. అసలు విషయం ఆటోఫజీ. కణం తనలో పాడైన భాగాలను తానే విరగ్గొట్టి తిరిగి వాడుకునే పని. దీని మీద పనిచేసినందుకే జపాన్ శాస్త్రవేత్త యోషినోరి ఓసుమికి 2016లో నోబెల్ ఇచ్చారు. పోషకాలు అందనప్పుడు ఈ పని పెరుగుతుంది. ఇక 2012లో అమెరికాలోని సాక్ ఇన్‌స్టిట్యూట్ వాళ్లు రెండు గుంపుల చిట్టెలుకలకు ఒకే కొవ్వు తిండి పెట్టారు. ఒక గుంపు రోజంతా తినొచ్చు, రెండోదానికి 8 గంటలే. రెండూ దాదాపు ఒకే కేలరీలు తిన్నాయి, అయినా 8 గంటల గుంపు లావు కాలేదు, లివర్ కూడా బాగుంది. కేలరీలు సమానం, ఫలితం వేరు. గడియారానికి గుణం ఉందనడానికి ఇంకేం కావాలి?

తూనికరాయి:
మంచి పాయింట్లు, అందుకే వివరంగా రాస్తాను.

ఓసుమి గారి పని గొప్పది, అందులో సందేహం లేదు. ఆయన చూసింది ఈస్ట్ కణాల్లో. ఆటోఫజీ మన ఒంట్లో ఎప్పుడూ కొంత జరుగుతూనే ఉంటుంది, తిన్నప్పుడు ఆగిపోయి పదహారో గంటకు స్విచ్ వేసినట్టు మొదలయ్యేది కాదు. మామూలు మనిషి 16 గంటలు తినకపోతే ఏ అవయవంలో అది ఎంత పెరిగిందో మామూలు రక్తపరీక్షతో తేలదు. అలాంటప్పుడు "16 గంటలకు శుభ్రం మొదలవుతుంది" అని వీడియోల్లో అంత ధీమాగా ఎలా చెప్తున్నారు? నోబెల్ వచ్చింది ఆ యంత్రాంగాన్ని కనిపెట్టినందుకు. ఈ డైట్‌కి కాదు.

చిట్టెలుకల ప్రయోగం నిజమే, నేనూ చదివాను. కానీ చిట్టెలుక ఆయుష్షు రెండు మూడేళ్లు. ఒక్క రాత్రి తిండి లేకపోతే దాని ఒంటి బరువులో చెప్పుకోదగ్గ భాగం పోతుంది. దానికి 16 గంటలంటే మనకు 16 గంటలు కాదు. అందుకే మనుషుల్లో చేసి చూడాల్సి వచ్చింది, చేశారు కూడా. ఎవరు ఏ గుంపులో ఉండాలో చీటీ తీసినట్టు నిర్ణయించి చేసిన ప్రయోగాలు.

2020లో అమెరికాలో 116 మందితో 12 వారాలు చేశారు. ఒక గుంపు మధ్యాహ్నం 12 నుంచి రాత్రి 8 దాకానే తినాలి, రెండోది మామూలుగా మూడు పూటలా. ఎవరినీ తక్కువ తినమనలేదు. మొదటి గుంపు సగటున 0.94 కిలో తగ్గితే రెండోది 0.68 కిలో. ఆ మాత్రం తేడా యాదృచ్ఛికంగానూ రావచ్చు. 2022లో చైనాలోని గ్వాంగ్‌జౌలో ఊబకాయం ఉన్న 139 మందితో ఏడాది పాటు చేశారు. రెండు గుంపులకూ ఒకేలా కేలరీలు తగ్గించారు, ఒక గుంపుకు మాత్రం అదనంగా ఉదయం 8 నుంచి సాయంత్రం 4 లోపే అన్న షరతు. 8 కిలోలు, 6.3 కిలోలు. గణితం ప్రకారం ఇదీ తేడా కింద లెక్కకు రాలేదు. వేకువ గారికి దగ్గరగా ఉండేది 2023లో చికాగోలో 90 మందితో చేసింది. ఒక గుంపు 8 గంటల్లో తినాలి, లెక్కపెట్టక్కర్లేదు. ఇంకో గుంపు గడియారం చూడక్కర్లేదు, కేలరీలు లెక్కపెట్టాలి. ఏడాది తర్వాత ఇద్దరూ ఇంచుమించు సమానంగా తగ్గారు. చూస్తే లెక్కపెట్టనివాళ్లు కూడా తమకు తెలియకుండానే రోజుకు సుమారు 425 కేలరీలు తక్కువ తింటున్నారు.

వేకువ గారూ, మీకు జరిగింది ఇదేనని నా నమ్మకం. మీ పద్ధతి పనిచేయలేదని కాదు. మీకు నప్పింది, కొనసాగించండి.

గడియారం:
ఒక్క నిమిషం. మీరు చెప్పిన మూడింటిలో రెండు రాత్రి దాకా తినే కిటికీతో, అంటే తినడానికి ఒప్పుకున్న గంటలతో, చేసినవి. అసలు మాట ఎన్ని గంటలన్నది కాదు, ఏ గంటలన్నది. పొద్దున వేళ ఇన్సులిన్ బాగా పనిచేస్తుంది, అదే తిండి రాత్రి తింటే షుగర్ ఎక్కువ పైకి పోతుంది. 2018లో అలబామా విశ్వవిద్యాలయం వాళ్లు షుగర్ అంచున ఉన్న మగవాళ్లకు మధ్యాహ్నం 3 లోపు చివరి భోజనం అయ్యేలా 6 గంటల కిటికీ పెట్టి, బరువు తగ్గకుండా తిండి కొలిచి ఇచ్చి చూశారు. బరువు తగ్గలేదు. అయినా ఇన్సులిన్ పనితీరు మెరుగైంది, బీపీ తగ్గింది. మీ "తక్కువ తినడమే అసలు సంగతి" ఇక్కడ ఎలా నిలుస్తుంది?

తూనికరాయి:
ఇది నా వాదనకు నిజంగానే అడ్డొచ్చే ఆధారం, ఒప్పుకుంటున్నాను. బరువుతో సంబంధం లేకుండా మార్పు వచ్చిందంటే పెందలాడే తినడంలో ఏదో ఉంది. రెండు విషయాలు మాత్రం గుర్తుంచుకోండి. ఆ ప్రయోగం పూర్తిచేసింది 8 మంది, ఒక్కో పద్ధతి 5 వారాలు. ఎనిమిది మందిని చూసి లోకమంతటికీ నియమం పెట్టలేం. రెండోది, గ్వాంగ్‌జౌ ప్రయోగం కిటికీ కూడా ఉదయం 8 నుంచి 4 దాకానే, అక్కడ ఏడాది చూసినా తేడా స్పష్టంగా రాలేదు. రెండు గుంపులూ బాగా బరువు తగ్గినందువల్ల ఆ చిన్న లాభం కనబడకుండా పోయిందని మీరు అనొచ్చు, అది న్యాయమైన మాటే. పెందలాడే తినేవాళ్లను, ఆలస్యంగా తినేవాళ్లను సమానమైన తిండితో, కొన్ని వందల మందితో ఏడాది పాటు పోల్చి చూస్తే, అందులో తేడా వస్తే, నేను నా మాట వెనక్కి తీసుకుంటాను.

గడియారం:
సరే, అక్కడిదాకా ఒప్పందమే. కానీ అందరూ చేసేది పొద్దున తిండి మానేసి రాత్రి ఆలస్యంగా తినడం, దానికి మాత్రం ఆధారం అన్నిటికంటే తక్కువ. తేలికని అది పట్టుకుంటున్నారు.

నైట్‌డ్యూటీ:
2024లో వార్త చూసి భయమేసి మానేశాను. 8 గంటల్లోపు తినేవాళ్లకు గుండె జబ్బుతో చనిపోయే ప్రమాదం 91 శాతం ఎక్కువ అన్నారు. అది నిజమా కాదా చెప్పండి ఎవరైనా.

కణం:
ఆ లెక్క అమెరికా హార్ట్ అసోసియేషన్ సమావేశంలో చెప్పినది. సుమారు 20,000 మందిని మీరు తిన్నదేంటి, ఎప్పుడు అని రెండు రోజులకు అడిగి, తర్వాత కొన్నేళ్లు ఎవరు చనిపోయారో చూశారు. రెండు రోజుల జవాబుతో ఎవరూ ఏళ్ల తరబడి ఉపవాసం చేశారని తేలదు. జబ్బుతో ఆకలి లేక తక్కువ గంటలు తిన్నవాళ్లు, తీరిక లేక ఒక పూటతో సరిపెట్టుకున్నవాళ్లు కూడా ఆ గుంపులోనే ఉంటారు. భయపడాల్సిన ఆధారం కాదు. ఈ విషయంలో నేను తూనికరాయి గారి పక్షమే, ఎలుకల లెక్కను మనుషులకు అంటగట్టకూడదంటే ఇదీ అంటగట్టకూడదు.

వేకువ:
కండ కరుగుతుందని మా జిమ్‌లో అంటున్నారు. అది?

తూనికరాయి:
నేను పైన చెప్పిన 2020 ప్రయోగంలో కొందరికి వివరంగా స్కాన్ చేస్తే, ఉపవాసం గుంపులో పోయిన బరువులో ఎక్కువ భాగం కొవ్వు కాదు, కండ లాంటిది. మిగతా ప్రయోగాల్లో అంత తేడా రాలేదు. మీరు తినే గంటల్లో ప్రోటీన్ తగ్గకుండా చూసుకుని బరువులెత్తే వ్యాయామం చేస్తే కండను చాలావరకు కాపాడుకోవచ్చు. పద్ధతి ఏదైనా బరువు వేగంగా తగ్గేటప్పుడు ఇది చూసుకోవాల్సిందే.

మాత్రలడబ్బా:
ఇంతసేపు చదివాను, ఎవరూ ఈ మాట ఎత్తలేదు కాబట్టి రాస్తున్నాను. షుగర్ పోతుందని అన్నారు కదా. 2017లో బ్రిటన్‌లో 298 మందితో చేసిన ప్రయోగంలో బరువు బాగా తగ్గించే పద్ధతి పాటించినవాళ్లలో 46 శాతం మందికి ఏడాదికల్లా మాత్రల్లేకుండానే షుగర్ అదుపులోకి వచ్చింది. అక్కడ గడియారం లేదు, కొన్ని నెలలు రోజుకు సుమారు 850 కేలరీల తిండి, మాత్రలు మొదటిరోజే డాక్టర్లు ఆపించారు. ఆ చివరి మాటే ముఖ్యం.

మా నాన్న గ్లిమెపిరైడ్ అనే షుగర్ మాత్ర వాడేవారు. ఎవరో చెప్పారని పొద్దున తిండి మానేశారు, మాత్ర మాత్రం అలవాటు ప్రకారం 8కి వేసుకున్నారు. మూడో రోజు 11కి చెమటలు, మాట తడబాటు. చూస్తే షుగర్ 48. ఇంట్లో మనిషి ఉండబట్టి సరిపోయింది, నోట్లో పంచదార నీళ్లు పోసి ఆస్పత్రికి పరిగెత్తాం. గ్లిమెపిరైడ్, గ్లిబెన్‌క్లమైడ్ లాంటివి తిన్నా తినకపోయినా ఇన్సులిన్‌ను బయటికి తోస్తాయి. ఇన్సులిన్ ఇంజక్షన్ సంగతి చెప్పక్కర్లేదు. డాపాగ్లిఫ్లోజిన్ రకం షుగర్ మాత్రలు వాడేవాళ్లకు ఎక్కువసేపు తినకపోతే రక్తంలో కీటోన్లు (కొవ్వు కరిగేటప్పుడు పుట్టే ఆమ్లాలు) పెరిగి షుగర్ మామూలుగా ఉన్నట్టు కనిపిస్తూనే ప్రాణం మీదికి రావచ్చు. ఒక్క మెట్‌ఫార్మిన్ మాత్రమే వాడేవాళ్లకు ఈ ప్రమాదం బాగా తక్కువ. గడియారమా కేలరీలా అని మీరు ఎంతైనా వాదించుకోండి, మాత్రలు వాడేవాళ్లు డాక్టరుతో మోతాదు మార్పించుకోకుండా ఒక్క పూట కూడా మానొద్దు.

వేకువ:
మా అమ్మ నన్ను చూసి పోయిన సోమవారం నుంచి పొద్దున తినడం మానేసింది. తను వేసుకునే మాత్ర పేరు కూడా నాకు సరిగ్గా తెలియదు, జి తో మొదలవుతుందని మాత్రం గుర్తు.

మాత్రలడబ్బా:
ఇక్కడ రాయడం ఆపి ముందు ఫోన్ చేయండి. ఇప్పుడే ఏదైనా తినమనండి. డబ్బా మీద పేరు చదివించుకుని డాక్టరుకు చెప్పండి. చెమట, వణుకు, గుండె దడ ఉన్నాయేమో అడగండి, షుగర్ మిషన్ ఉంటే చూడమనండి. 70 కంటే తక్కువ ఉంటే మూడు నాలుగు చెంచాల పంచదార నీళ్లలో కలిపి తాగించి, 15 నిమిషాల తర్వాత మళ్లీ చూడాలి.

వేకువ:
మాట్లాడాను. గ్లిమెపిరైడే. నిన్నా మొన్నా కళ్లు తిరిగాయట, ఉపవాసం వల్ల మొదట్లో అలాగే ఉంటుందని నేనే చెప్పానట. ఇప్పుడు తింటోంది. రేపు పొద్దున్నే డాక్టర్ దగ్గరికి నేనే తీసుకెళ్తున్నాను.